చిల్లర్ 26 చూపిస్తుంది, కోరల్స్ తెల్లబడుతున్నాయి: చెన్నైలో నా అనుభవం

2024లో ఉగాది నుంచి వినాయక చవితి దాటేదాకా నా సాల్ట్‌వాటర్ ట్యాంకుతో (ఉప్పునీళ్ళ అక్వేరియం), అందులో తెల్లబడిన కోరల్స్‌తో (పగడపు జీవులు) పడ్డ అవస్థ ఇది, జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నా. నాకు అవసరం వచ్చినప్పుడు "లైటు తగ్గించు, నీళ్ళు మార్చు" అనేవాళ్ళు బోలెడుమంది దొరికారు కానీ ఎన్నాళ్ళు పడుతుంది, మధ్యలో ఏ రంగులోకి పోతాయి, చేతి చమురు ఎంత వదులుతుంది అనేది చెప్పినవాళ్ళు మాత్రం దొరకలేదు.

మాది వేళచ్చేరి, మూడో అంతస్తు, హాల్లో పడమటి గోడకి మూడడుగుల ట్యాంకు, కింద సంప్ (ఫిల్టర్ సామాను ఉండే రెండో తొట్టి), రెండూ కలిపి 250 లీటర్ల పైచిలుకు. పెట్టి రెండేళ్ళు దాటింది. ఒక జత క్లౌన్ ఫిష్, మిగతావన్నీ సాఫ్ట్ కోరల్సే, అంటే జోవాలు (గుంపుగా చిన్న పూలలా విచ్చుకునేవి), మష్రూములు, ఒక పెద్ద లెదర్, గ్రీన్ స్టార్ పాలిప్స్, ఒక మూలన జీనియా. గట్టి కోరల్స్ జోలికి పోలేదు, అవి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఏ షెడ్యూలో వాటికీ అదే, ఎవరైనా సందులో పెట్టి చవగ్గా ఇస్తానన్నా వద్దనే చెప్పండి. బోరు నీళ్ళ టీడీఎస్ వెయ్యి దాటుతుంది కాబట్టి ఆర్.ఓ., డి.ఐ. ఫిల్టర్లు రెండూ పెట్టి సున్నా చూసుకున్నాకే ఉప్పు కలుపుతా.

మొదటి సంగతి, చాలామందికి తెలియనిది. రంగు పోవడానికి ముందు రంగు పెరిగింది. ఏప్రిల్ 9న ఉగాది, ఇంటికి నెల్లూరు నుంచి మావాళ్ళు వచ్చారు, జోవాలు అంతకుముందు ఎప్పుడూ లేనంత నియాన్‌గా మెరిసిపోతున్నాయి, మష్రూములు కూడా లేత ఆకుపచ్చలో వెలిగిపోతున్నాయి, అందరూ ఫోన్లు తీసి ఫొటోలే ఫొటోలు. నేనూ పొంగిపోయా. తర్వాత తెలిసిందేంటంటే కోరల్ ఒంట్లో కాపురం ఉండే గోధుమ రంగు నాచు తగ్గిపోతున్నప్పుడు కోరల్ సొంత రంగులు కొన్నాళ్ళు అడ్డు లేకుండా పైకి కనపడతాయి, కొన్ని రకాలు అయితే రక్షణ కోసం ఆ రంగుని ఇంకా ఎక్కువ తయారు చేస్తాయి. అంటే మేం ఫొటోలు తీసుకున్నది జబ్బు మొదటి లక్షణానికన్నమాట. రెండు వారాలు తిరగకముందే అవే జోవాల అంచులు పాలిపోయాయి, నోటి చుట్టూ ఉండే నారింజ రంగు వెలిసిపోయింది, మష్రూముల్లో ఒకటైతే వెనక రాయి కనపడేంత పారదర్శకంగా అయింది. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే "అంతమంది చూశారు కదరా, దిష్టి" అంది.

ఏప్రిల్ 19 పోలింగ్ సెలవు. పొద్దున్నే ఓటేసే గొడవ నాకు లేదు, నా ఓటు నెల్లూరులో, కాబట్టి రోజంతా టెస్ట్ కిట్లు ముందేసుకుని కూర్చున్నా. నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05, ఆల్కలినిటీ 8.2, కాల్షియం 420. సాలినిటీ 1.025. చిల్లర్ (నీళ్ళని చల్లబరిచే మిషను) మీద ఎర్ర అంకెల్లో 26 డిగ్రీలు. ఒక్కటి కూడా అటూ ఇటూ లేదు. చేపలు సుబ్బరంగా తింటున్నాయి. ఏదో ఒకటి తప్పుగా వచ్చుంటే ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రపోయేవాణ్ణి, అన్నీ సరిగ్గా ఉండి కళ్ళ ముందు తెల్లబడుతుంటే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

పాత ఫొటోలతో పోలుద్దామంటే ఇంకో చిక్కు, నేను తీసినవన్నీ రాత్రి బ్లూ లైట్లో అందంగా కనపడాలని తీసినవి, వాటిల్లో పాలిపోయిన కోరల్ కూడా మెరుస్తుంది. ఎప్పుడు మొదలైందో వాటిని చూసి చెప్పలేం. ఆరోజు నుంచి వారానికోసారి తెల్ల లైటు వేసి, అదే చోట నిలబడి, పంపులు ఆపి ఒక ఫొటో తీస్తున్నా. తర్వాత తర్వాత నన్ను పిచ్చెక్కకుండా కాపాడింది ఆ ఫొటోలే.

తర్వాతి శనివారం అక్వేరియం షాపులుండే కొళత్తూర్ వెళ్ళా, మాకది ఊరి ఈ చివర నుంచి ఆ చివర. ఒక షాపులో ఫోన్లో ఫొటో చూపిస్తే అరక్షణం చూసి "లైట్ జాస్తి సార్, ఫాస్ఫేట్ కూడా జాస్తి" అని ఫాస్ఫేట్ లాగేసే మందు డబ్బా ఒకటి, కోరల్ తిండి సీసా ఒకటి చేతిలో పెట్టాడు, రెండూ కలిపి మూడు వేల చిల్లర. ఇంటికొచ్చి బెంగళూరులో ఉండే మన అనంతపురం అన్నకి ఫోన్ చేశా, ఆయన పదేళ్ళకి పైగా ఈ ట్యాంకుల్లోనే మునిగి ఉన్న మనిషి. ఆయన డబ్బా పేరు వినగానే "ఏమప్పా, తెల్లబడినదానికి ఫాస్ఫేట్ తీసేస్తావా? ఫాస్ఫేట్ ఎక్కువైతే నాచు పెరిగి గోధుమ రంగుకి తిరుగుతాయి గానీ తెల్లగా ఎందుకైతాయి? ఉన్న 0.05 కూడా లాగేస్తే ఉన్నవి కూడా పోతాయి" అన్నాడు. ఇంత సింపుల్ సంగతి. తెల్లబడటం, గోధుమ రంగుకి రావడం, రెండూ ఎదురెదురు దిక్కులు. లోపలి నాచు వెళ్ళిపోతే తెలుపు, మరీ పెరిగితే గోధుమ. ఏ దిక్కుకి పోతుందో చూడకుండా ఇచ్చే మందు ఏదైనా జూదమే అని నా అభిప్రాయం. డబ్బా సీలు తియ్యలేదు.

లైటు సంగతి మాత్రం అన్న కూడా కొట్టిపారెయ్యలేదు, తగ్గించు, నష్టం లేదు అన్నాడు. 60 శాతంలో ఉన్నదాన్ని 30కి దించా. ఇంకేం మార్చకుండా రెండు వారాలు చూడమన్నాడు. రెండు వారాలు అని రాయడానికి తేలిక, ఆఫీసు నుంచి వచ్చీ రాగానే బూట్లు కూడా విప్పకుండా ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి, మా ఆవిడ "ఏమండీ, మీరు చూస్తుంటే సిగ్గుపడి ఇంకా తెల్లబడుతున్నాయేమో" అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు. ఈ లోగా సాలినిటీ మీటరు మీద కూడా అనుమానం వచ్చి 35 పీపీటీ ద్రావణం తెప్పించి సరిచూశా, ఒక గీత తేడా ఉంది, సరిచేశా, దానివల్ల ఒరిగిందేం లేదు.

మే మొదట్లో లక్షద్వీప్‌లో కోరల్స్ పెద్ద ఎత్తున బ్లీచ్ అయ్యాయని, అంటే తెల్లబడ్డాయని, సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు చెప్పినట్టు వార్త చదివా. నెలల తరబడి సముద్రం వేడెక్కి ఉండటమే కారణం అని ఉంది. మన మన్నార్ గల్ఫ్‌లో కూడా 2010లో, 2016లో ఇదే జరిగింది. ఆ ఫొటోలు చూస్తే అచ్చం నా ట్యాంకే. అయినా నాకు తట్టలేదు, ఎలా తడుతుంది, పక్కనే ఎర్ర అంకెల్లో 26 వెలుగుతుంటే. అది సముద్రం, దానికి చిల్లర్ లేదు పాపం అనుకున్నా.

మే 13న మాకు ఆంధ్రాలో పోలింగ్. శనివారం రాత్రి బయల్దేరి నెల్లూరు వెళ్ళి, ఓటేసి మంగళవారం పొద్దున తలుపు తియ్యగానే వాసన. కుళ్ళిన వాసన, ఉప్పు చేపల గంప దగ్గర వచ్చేది. జీనియా మొత్తం కరిగి జిగురైపోయింది, స్కిమ్మర్ (నీళ్ళలో మురికిని నురగగా తీసే పరికరం) కప్పు పొంగి సంప్ పక్కన నేల మీదకి కారింది. ముద్దలు ముద్దలుగా సైఫన్‌తో లాగేసి, 50 లీటర్ల నీళ్ళు మార్చి, కార్బన్ సంచి వేసేసరికి మధ్యాహ్నం అయింది, ఆఫీసుకి సెలవు. ఆ రాత్రి నిజంగా అన్నీ అమ్మేసి ఆ చోట షూ స్టాండు పెట్టేద్దామా అనిపించింది. లెదర్ అయితే ఒళ్ళంతా మైనం పూసినట్టు పొర కట్టి ముడుచుకుపోయింది, అది మాత్రం కంగారు పడాల్సింది కాదని అన్న ధైర్యం చెప్పాడు, లెదర్లు అప్పుడప్పుడూ అలా పొర విడుస్తాయి.

ఆ వారంలోనే అన్న తన పార్ మీటర్ (కోరల్స్‌కి అందే వెలుతురు కొలిచేది) బస్సు పార్సిల్లో పంపాడు, లైటు సంగతి ఒకసారి తేల్చెయ్ అని. కొనాలంటే చాలా ఖరీదు అది, దొరికితే అరువే మేలు. జోవాల దగ్గర సెన్సర్ పెట్టి చూస్తే 50 చూపించింది, పాత సెట్టింగు 60 శాతం పెట్టి చూస్తే 110. జోవాలకి 80 నుంచి 150 మధ్య హాయిగా సరిపోతుంది, అంటే లైటు ఎప్పుడూ ఎక్కువ కాదు. సరే, రాయి రాయికీ కొలుద్దామని మోచేతి దాకా గ్లవుజు వేసుకుని చెయ్యి లోపల పెట్టి చాలాసేపు పట్టుకున్నా. (గ్లవుజు ఊరికే కాదు, కొన్ని జోవాల్లో పాలిటాక్సిన్ అని ఘోరమైన విషం ఉంటుంది, ఉత్త చేత్తో రుద్దడం, కోరల్ ఉన్న రాయిని వేడినీళ్ళలో ఉడికించడం లాంటివి చస్తే చెయ్యొద్దు.) పది నిమిషాలయ్యాక నీళ్ళు గ్లవుజు అంచు దాటి లోపలికి కారాయి. కారినా ఏం తెలీలేదు. జిల్లుమనలేదు. మామూలుగా ఈ ట్యాంకులో చెయ్యి పెడితే మే నెలలో హాయిగా ఉంటుంది, ఇప్పుడు చల్లగానూ లేదు వేడిగానూ లేదు, ఒంటికి అసలు ఆనడం లేదు.

పాత మంచినీళ్ళ ట్యాంకు రోజుల నాటి గాజు థర్మామీటర్ అటక మీద ఉండాలి. వెతికి తెచ్చి లోపల వేసి చూస్తే 30.5. నమ్మకం లేక ఒక గ్లాసు నీళ్ళు తీసి ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ పెట్టా, అది "లో" అని తప్ప ఇంకేం చెప్పదు కదా, అంత తక్కువ కొలవదు. చివరికి పక్క ఫ్లాట్ వాళ్ళ దగ్గర పాలు తోడు పెట్టే థర్మామీటర్ తెచ్చి చూస్తే 30.6. చిల్లర్ మీద అదే క్షణంలో 26.1.

చిల్లర్ గ్యాస్ పోయిందనుకున్నా. ఏసీ మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఎండాకాలం కదా, రెండ్రోజులకి గానీ రాలేదు, ఆ రెండ్రోజులూ టేబుల్ ఫ్యాన్ ట్యాంకు నీళ్ళ మీదకి తిప్పి, సంప్ తలుపులు తెరిచిపెట్టా, ఫ్యాన్‌తో ఒకటిన్నర డిగ్రీ తగ్గింది, దానికి తగ్గట్టు నీళ్ళు ఆవిరై రోజూ బకెట్ ఆర్.ఓ. నీళ్ళు పోయాల్సి వచ్చింది. మెకానిక్ వచ్చి మీటరు పెట్టలేదు, సామాను విప్పలేదు, చిల్లర్ నుంచి సంప్‌లోకి తిరిగొచ్చే పైపు ఎత్తి చూపించాడు. చిటికెన వేలంత ధార. "గ్యాస్ నల్లా ఇరుక్కు సార్, తణ్ణిదాన్ వరలే" అన్నాడు. గ్యాస్ బాగానే ఉంది, నీళ్ళే రావట్లేదు. 500 తీసుకుని వెళ్ళిపోయాడు.

విషయం ఏంటంటే, ఆ 26 ట్యాంకు వేడి కాదు. సెన్సర్ ఉండేది చిల్లర్ లోపలి గదిలో. నీళ్ళు ధారాళంగా తిరుగుతుంటే లోపలా బయటా ఒకటే ఉంటుంది. నీళ్ళు అంతంతమాత్రం వస్తుంటే లోపలున్న ఆ కాసిని నీళ్ళు గబుక్కున 26కి చల్లబడతాయి, కంప్రెసర్ ఆగిపోతుంది, బయట ట్యాంకు మాత్రం మద్రాసు ఎండకి ఉడుకుతూనే ఉంటుంది. కంప్రెసర్ మాటిమాటికీ ఆగుతుంటే నేనేమో బాగా పనిచేస్తుంది అనుకున్నా. ఇంకా నవ్వొచ్చేదేంటంటే ఇక్కడ కరెంటు బిల్లు రెండు నెలలకోసారి కదా, ఆ ఎండాకాలం బిల్లు కిందటేడు కంటే తక్కువ వచ్చిందని ఇంట్లో అందరం సంతోషించాం.

చిల్లర్‌కి నీళ్ళు తోసే పంపు తీసి విప్పితే ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) రెక్కలు కనపడకుండా తెల్లటి సున్నపు పెచ్చు, అయస్కాంతం చుట్టూ కూడా అదే, గోటితో గీస్తే రాలేది కాదు. జాలీలో చిన్న చిన్న తెల్లటి గొట్టం పురుగులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. పైపు వంపు దగ్గర గోధుమ రంగు జిగురు వేలు మందాన. కింద కిరాణా కొట్లో వెనిగర్ సీసాలు రెండు, వంద రూపాయలు కూడా కాలేదు, సగం నీళ్ళు కలిపి పంపుని రాత్రంతా నానబెట్టా, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. పైపు కడగడం కంటే కొత్తది కొనడం నయం, మీటరు లెక్కన అమ్ముతారు. తిరిగి బిగించాక వచ్చిన నీళ్ళు చూసి మా ఆవిడ సంప్ పొంగుతుందని భయపడింది.

ఇక్కడ ఆత్రపడొద్దు. చిల్లర్ బాగైంది కదా అని ఒక్కసారి 26కి దించితే అప్పటికే సగం చచ్చి ఉన్నవాటికి గోరుచుట్టు మీద రోకటిపోటు. 29కి పెట్టి, రోజుకి అర డిగ్రీ చొప్పున దించుకుంటూ వచ్చా. రోహిణి కార్తె మొదలయ్యేసరికి 26 దగ్గర నిలబడింది, ఈసారి గాజు థర్మామీటర్ కూడా 26 అంది. లైటు ముందే తగ్గించి ఉండటం మంచిదైందని అన్న అన్నాడు, వేడికి లోపలి నాచు దెబ్బతిని విషంగా మారుతుంటే దాని మీద లైటు కూడా గట్టిగా పడితే కోరల్ ఇంకా తొందరగా దాన్ని బయటికి నెట్టేస్తుంది.

బ్లీచ్ అయిందంటే చచ్చిందని కాదు, ఇది గుర్తుపెట్టుకోవాలి. తెల్లగా ఉన్నా పాలిప్ (పువ్వులా విచ్చుకునే ఒక్కొక్క కోరల్ జీవి) తెరుచుకుంటుంటే, నీటి తాకిడికి ముడుచుకుంటుంటే బతికే ఉంది, కాకపోతే ఆకలితో ఉంది, ఎందుకంటే దానికి తిండి వండిపెట్టే నాచే వెళ్ళిపోయింది. వారానికి రెండుసార్లు, పంపులు ఆపి, డ్రాపర్‌తో కొంచెం మెత్తటి తిండి పెట్టా, కొళత్తూర్ సీసా దీనికి పనికొచ్చింది. ఎక్కువ పెడితే నీళ్ళు పాడవుతాయి. ఒక జోవా గుంపులో సగం పోయాయి, పారదర్శకమైన మష్రూము కూడా కుంచించుకుని జూన్ మొదటి వారంలో మాయమైంది.

జూన్ సగంలో రంగు రావడం మొదలైంది. వచ్చింది మన రంగు కాదు, గోధుమ. అన్నీ. నారింజ జోవాలు గోధుమ, ఆకుపచ్చ మష్రూములు గోధుమ. "తెల్లగా ఉన్నప్పుడే నయం, ఇప్పుడు బురదలా ఉన్నాయి" అంది మా ఆవిడ. నాకూ గుండె జారింది, అన్నకి వీడియో పంపిస్తే ఆయన మాత్రం "శుభం, నాచు ఇంటికొచ్చింది" అన్నాడు. కోలుకునేటప్పుడు ముందు నాచే తిరిగి నిండుతుంది, సొంత రంగులు ఆ తర్వాతే, పైగా లైటు 30లో ఉంది కాబట్టి ఉన్న వెలుతురు సరిపెట్టుకోవడానికి నాచు ఇంకా ఎక్కువ పెరుగుతుంది. ఇప్పుడు భయపడి నీళ్ళు మీద నీళ్ళు మార్చినా, నా దగ్గరున్న ఆ ఫాస్ఫేట్ డబ్బా తెరిచినా కథ మళ్ళీ మొదటికొచ్చేది. వారానికి 5 శాతం చొప్పున లైటు పెంచా, మధ్యలో ఒక వారం జోవాలు ముడుచుకుంటే ఆ వారం ఆపా. ఈ దశే అన్నిటికంటే విసుగు, జూలై అంతా ఏ మార్పూ లేనట్టే ఉంటుంది, వారం వారం తీసిన తెల్ల లైటు ఫొటోలు పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలీదు.

ఆగస్టులో ఒక్కొక్క జోవా నోటి చుట్టూ నారింజ చుక్క వచ్చింది. సెప్టెంబర్ 7న చవితి, ఆ రోజుకి గ్రీన్ స్టార్ పాలిప్స్ పూర్తిగా పాత ఆకుపచ్చకి వచ్చాయి, లెదర్ అరచేయంత విచ్చుకుంది. గులాబీ రంగని ఎక్కువ పెట్టి కొన్న ఒక జోవా మాత్రం గులాబీకి రాలేదు, ఇప్పుడది ఆకుపచ్చ అంచుతో ఊదా రంగులో ఉంది, అలాగే ఉండిపోతుందేమో, చూడ్డానికి బానే ఉంది.

ఖర్చు చూస్తే టెస్ట్ కిట్లు, ద్రావణం, ఉప్పు, తిండి, మెకానిక్, బస్సు పార్సిళ్ళు అన్నీ కలిపి తొమ్మిది వేల దాకా, పోయిన కోరల్స్ లెక్క వేరే. అందులో జబ్బుని నయం చేసింది వెనిగర్, పైపు, మెకానిక్ 500. ఇప్పుడు ట్యాంకులో ఒక గాజు థర్మామీటర్, సంప్‌లో విడిగా ఇంకో డిజిటల్ ప్రోబ్, రెండూ చిల్లర్‌తో సంబంధం లేనివి. రెండు నెలలకోసారి, కరెంటు బిల్లు వచ్చిన వారమే, పంపు విప్పి వెనిగర్‌లో వేస్తున్నా, ఒక స్పేర్ పంపు కొని పెట్టుకున్నా కాబట్టి చిల్లర్ ఆపాల్సిన పని లేదు. చిల్లర్ నుంచి వచ్చే నీళ్ళు ఒక లీటరు మగ్గు ఎన్ని సెకన్లలో నింపుతున్నాయో చూసి గోడ మీద పెన్సిల్‌తో రాసుకుంటున్నా, ఆ అంకె పెరిగిందంటే పంపు మూసుకుంటున్నట్టు.

ఆ ఫాస్ఫేట్ డబ్బా ఇంకా సీలు తియ్యకుండా అటక మీదే ఉంది. చెన్నైలో ఎవరికైనా కోరల్స్ నిజంగా గోధుమ రంగుకి తిరిగి, టెస్టులో ఫాస్ఫేట్ నిజంగా ఎక్కువ వచ్చి ఉంటే, వేళచ్చేరి వచ్చి సగం ధరకి పట్టుకెళ్ళండి, కొళత్తూర్ దాకా పోయే పెట్రోలైనా మిగులుతుంది.